పేరంటాలి బుట్ట

మా పెద్దమ్మను నేను ఈ రోజుకీ క్షమించలేదు. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది. పోయినవాళ్ల మీద కోపమేమిటని నాకు బుద్ధి చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు మా అమ్మ చేతిలోని పళ్లెం చూసినవాళ్లు కాదు.

బళ్లారి నుంచి మోక దాటి హగరి ఏటి వైపు పోతే మా ఊరు. అంతా నల్లరేగడి. పత్తి, జొన్న, కొర్ర. ఊళ్లో మావి రెండిళ్లు, ఒకే గోడకు అటొకటి ఇటొకటి. మా తాత, ఆయన అన్న పంచుకున్న ఇళ్లవి. అన్న వంశం వాళ్లది పెద్దిల్లు, తమ్ముడి వంశం మాది. పెద్దింట్లో ఆ అన్న కొడుకు, అంటే మా పెదనాయన, పేరుకు యజమాని. పెత్తనమంతా ఆయన భార్య మా పెద్దమ్మది. ఆమె దగ్గితే ఆ ఇంట్లో ఎద్దులు కూడా నెమరు ఆపేవి.

ఆ పెద్దింటి నడిమింట్లో దూలానికి ఒక వెదురుబుట్ట వేలాడుతుండేది. అందులో పసుపు పూసిన చీర, రవికగుడ్డ, గాజులు, కుంకుమ భరిణె. అది మా ముత్తవ్వ బుట్ట. మా తాతను, వాళ్లన్నను కన్న తల్లి ఆమె. మొగుడు బతికి ఉండగానే, నుదుట బొట్టుతో కన్నుమూసిన ఇల్లాలిని పేరంటాలని ఇంట్లో నిలుపుకోవడం మా దిక్కు ఆచారం. శ్రావణంలో చివరి శుక్రవారం బుట్ట దించి, కొత్త చీర పెట్టి, పసుపు కుంకుమలిచ్చి మళ్లీ పైకి కట్టేవాళ్లు.

దొరల కాలంలో వచ్చిన ధాత కరువులో ముత్తవ్వ తన నోటి ముద్ద మొగుడికీ బిడ్డలకీ పెట్టి, తాను కడుపు మాడ్చుకుని ముత్తైదువగా పోయిందని పెద్దింటివాళ్లు చెప్పేవాళ్లు. ఆ కథకు రెండో భాగం ఒకటుంది, అది కేవలం మా కోసం. తల్లి పోయాక చంటివాడైన మా తాతను ఎవరో బళ్లారికి ఎత్తుకుపోయి దొరల గంజి తాపించారట. గంజితోపాటు నెత్తిన నీళ్లు పోసి వాళ్ల మతంలో కలిపేశారట. తర్వాత ఇంటికి తెచ్చి ఎన్ని శాంతులు చేసినా ఆ కొమ్మ మైలపడిన కొమ్మేనట. అందుకని మా ఇంటి కోడళ్లు ఆ బుట్టను ముట్టుకోకూడదు.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. నేను కడుపున పడ్డప్పుడు అమ్మ, గోడకు ఇవతల నిలబడే, ఆ బుట్ట ఉండే దిక్కుకు తిరిగి మొక్కుకుంది. ఈ బిడ్డ నిలిస్తే నీ బుట్టలో చీర పెడతానమ్మా అని. నేను నిలిచాను. మొక్కు మాత్రం పదేళ్లు నిలిచిపోయింది. పెద్దమ్మ గడప ముందు నోరు తెరవడానికి మా అమ్మకు అన్నాళ్లు పట్టింది.

నాకు పదేళ్లప్పుడు బళ్లారి బజారు నుంచి ఆకుపచ్చ చీర ఒకటి తెప్పించింది, ఎర్ర అంచుది. పళ్లెంలో చీర, తమలపాకులు, పసుపుకొమ్ములు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పెద్దింటికి పోయింది. లోపల పదిమంది ఆడవాళ్లు. అమ్మ గడప బయటే ఆగింది.

“అక్కా, పాప మీది మొక్కిది. నేను ముట్టుకోను. నువ్వే పెట్టక్కా, ఆయమ్మకి.”

పెద్దమ్మ వచ్చి పళ్లెం అందుకుంది. పెడుతుందనే అనుకున్నాను. ఆమె పళ్లెంతో మమ్మల్ని దాటుకుని, వాకిలి దిగి, పశువుల గాడి దాకా నడిచి దాని గట్టు మీద పెట్టి చేతులు దులుపుకుంది.

“గంజి ముంత పట్టిన వంశానికి మొక్కులు గూడా ఉండాయా? ఈడిదాకా రానిచ్చిందే ఎక్కువ. సాకు, ఇంగ చాలు, పోండి.”

లోపల నవ్వులు వినపడ్డాయి. దూడ ఒకటి వచ్చి తమలపాకులు నమిలింది. పసుపుకొమ్ములు వాసన చూసి వదిలేసింది. అమ్మ గబగబా పోయి చీర తీసుకుని, దులిపి, అక్కడే నిలబడి మడత పెట్టింది. ఏడవలేదు. ఇంటికొచ్చాక నా నుదురు తడిమి చూసి ఒకే మాట అంది.

“మొక్కు తీరకపాయ. నీకేమన్నా అయితే యెట్లనే?”

అవమానం ఆమెకు పట్టలేదు. పట్టింది నాకు. ఆ బుట్ట ముందరే పెద్దమ్మ తల దించాలి, అది నేను చూడాలి అనుకున్నాను. పదేళ్ల పిల్లలు చాలా అనుకుంటారు, తర్వాత మరిచిపోతారు. నేను మరిచిపోలేదు. మరిచిపోకూడదని, ఆ గాడి గట్టును రోజూ బడికి పోయేటప్పుడు చూసి మరీ పోయేదాన్ని.

పగే నన్ను చదివించింది. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసి, మా ఊళ్లో రాతకోతలన్నీ కన్నడంలోకి మారుతున్న రోజులు. ఆడపిల్లకు ఇంగ్లీషెందుకని నాన్న గొణిగినా, బళ్లారిలో హాస్టలులో పెట్టాడు. నాకు జ్వరమొచ్చిందని తెలిస్తే చాలు, అమ్మ బస్సెక్కి వచ్చేసేది. మాత్ర వేసుకుంటే పోయే జ్వరానికి కూడా ఆమె కళ్లలో ఆ చీరే కనిపించేది. ఎవరి మొక్కు ఎవరు ఆపారు? ఆ భయం ఎవరు మోస్తున్నారు? తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. చదువు ముగించి, బళ్లారిలోనే ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను.

ఆ మధ్యలో ఒకసారి మా వంశం సంగతి హెళవాయనను అడిగాను. గంట కట్టిన ఎద్దు మీద రెండు మూడేళ్లకొకసారి వచ్చి, వాకిట్లో నిలబడి ఇంటింటి వంశం పాడి ధాన్యం పట్టుకుపోయేవాడు. ఏడు తరాల మగవాళ్ల పేర్లు ఊపిరి తీసుకోకుండా పాడాడు. ముత్తవ్వ సంగతి చెప్పమన్నాను.

“ఆడోళ్లు మా పాటలో రారు తల్లీ. యారి కొడుకు యారు, అంతే మా పని,” అన్నాడు చేట చాపుతూ.

పోనీ, ముత్తాత పేరైనా ఆయన నోట ఖాయమైంది. అది తర్వాత అక్కరకొచ్చింది.

మా బడికి దగ్గరలో, కంటోన్మెంటులో, దొరలు కట్టుకున్న పాత గుడి ఒకటుండేది. దొరలు పోయి అప్పటికి పదిహేనేళ్లు పైమాటే. లోపల గోడలనిండా ఇత్తడి పలకలు, బయట సమాధులు, వాటి మధ్య మేకలు. ఒక సాయంత్రం వానకు దాని వరండాలో తలదాచుకున్నాను. గుడిని చూసుకునే ముసలాయన తలుపు తీసి లోపల కూర్చోమన్నాడు. పలకల మీది పేర్లు చదువుతుంటే ఆయన మురిసిపోయాడు.

“ఇవి గొప్పోళ్లవి టీచరమ్మా. చిన్నోళ్లవి బుక్కుల్లో ఉండాయి. పుట్టినోళ్లు, పెండ్లయినోళ్లు, పూడ్చినోళ్లు, అందరివీ. ధాత కరువులో గంజికొచ్చి కలిసిన మనోళ్లవి గూడా వేరే బుక్కు ఉండాది.”

నాకు వాన చప్పుడు వినపడటం మానేసింది.

శనివారాలు మధ్యాహ్నం బడి అయ్యాక అక్కడికి పోవడం మొదలుపెట్టాను. ముసలాయనకు కొన్ని పద్ధతులున్నాయి. చేతులు కడుక్కోవాలి. సిరా కలం తేకూడదు, పెన్సిలే. పుటలు నేను తిప్పకూడదు. ఆయనే వెదురు బద్దతో మెల్లగా లేపి తిప్పుతాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ ఏ పుటలో ఎవరున్నారో ఆయనకు తెలుసు. “ఈ పక్క అంతా కలరా,” అనేవాడు. నిజంగానే ఆ పుటంతా పసిపిల్లలు, ఒకే వారంలో. దొరసానుల పిల్లల వయసులు నెలల్లో, రోజుల్లో రాసి ఉండేవి. పుట్టినవాళ్ల బుక్కులో చూసిన పేరే నాలుగు పుటల తర్వాత పూడ్చినవాళ్ల బుక్కులో కనపడితే పెన్సిలు ఆగిపోయేది. ఆ ఎండలో, ఈ రేగడిలో వాళ్లకేం పని అనిపించేది. జాలిపడడానికి రాలేదని గుర్తుచేసుకుని ముందుకు పోయేదాన్ని.

మనవాళ్ల బుక్కు పల్చటిది, అట్ట చెదలు తిన్నది. అందులో మా తాత పేరు వెతికాను. దొరకకూడదని మొక్కుకుంటూ వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మూడు శనివారాలు చూశాను, లేదు. మతంలో కలిపినప్పుడు పేరు మార్చి ఉంటారేమోనని నాలుగో శనివారం పేర్లు వదిలేసి ఊర్ల గడి వెంబడి వేలు పెట్టుకుంటూ పోయాను. మా ఊరు కనపడింది. దొర చేతిరాతలో వంకరటింకరగా ఉన్నా మా ఊరే. ఆ వరుస మొత్తం చదివాను. మళ్లీ చదివాను.

ఒక ఆడమనిషి. వయసు సుమారు ముప్పై. ఫలానా ఊరి రైతు భార్య, అతను గతించాడు, ఈమె విధవ. ఆ రైతు పేరు హెళవాయన పాడిన మా ముత్తాత పేరే. ఆమెతోపాటు మతం పుచ్చుకున్నది ఎనిమిదేళ్ల పెద్ద కొడుకు. చిన్నవాడు, చంటిబిడ్డ, అమ్మమ్మ ఊళ్లో ఉన్నాడని పక్కన సన్నగా రాసి ఉంది.

నేను గుడిలో పైకే నవ్వాను. ముసలాయన బద్ద పక్కన పెట్టి, “మీవోళ్లా?” అన్నాడు. అవునన్నాను. గంజి తాగింది పెద్దింటి వంశం. నెత్తిన నీళ్లు పోయించుకున్నది మా పెదనాయనను కన్న తండ్రి. మా తాత ఎక్కడో అమ్మమ్మ ఒళ్లో పాలు తాగుతున్నాడు.

పూడ్చినవాళ్ల బుక్కు కూడా చూడమని ముసలాయనే అన్నాడు. ఇరవై ఏళ్లు దాటాక అదే పేరు, అదే ఊరు, విధవ అన్న అదే మాట మళ్లీ కనపడ్డాయి. ఒక దొర ఇంట్లో ఆయాగా ఉండి, అక్కడే పోయింది. అంటే ముత్తవ్వ కరువులో పోనే లేదు. పెద్దకొడుకును వానలు పడ్డాక ఎవరో బంధువులు ఊరికి తెచ్చుకుని ఉంటారు. వాడు పెరిగి, పెళ్లాడి, ఇంటికి పెద్దయ్యాడు. తన నెత్తిన పడిన నీళ్లు తమ్ముడి నెత్తి మీదికి తోసేశాడు. ఆమె ఇరవై మైళ్ల లోపే ఎవరి బిడ్డల్నో ఎత్తుకుని తిరుగుతుంటే, ఇక్కడ ఆమె పేర చీర పెట్టి బుట్ట కట్టాడు. బతికున్న తల్లిని దూలానికి వేలాడదీశాడు.

రెండు వరుసలూ ఒక కాగితం మీద దించుకున్నాను. శ్రావణం ఎప్పుడొస్తుందా అని క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను. ఇలాంటి మాట చెప్పుకోకూడదని తెలుసు.

ఆ చివరి శుక్రవారం ఊరికి పోయి అమ్మను చీర తీయమన్నాను. ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసింది. పదేళ్లకు పైగా మడతల్లో ఉన్నా పచ్చదనం పోలేదు.

“ఈ పొద్దు నువ్వు లోపలికి పోయి పెడతావు,” అన్నాను.

“నిజంగానా? అక్క ఒప్పుకుండాదా?” అంది. ఆమె ముఖం చూడలేక, ఒప్పుకుంటుందిలే అన్నాను.

పెద్దింట్లో బుట్ట దించారు. పీట మీద పెట్టి, చుట్టూ ముత్తైదువలు కూర్చుని ఉన్నారు. పెదనాయన అరుగు మీద. నేను గడప దాటి లోపలికే పోయి కాగితం విప్పాను. ముందు ఇంగ్లీషులో చదివాను, అది వాళ్లకు కాదు, నాకు. తర్వాత తెలుగులో చెప్పాను. మతంలో కలిసింది తల్లి, ఆమెతో పెద్దకొడుకు. మా తాత కాదు.

“దొరలు గీకిన గీతలు యారికి గావల్ల!” అని పెదనాయన అరుగు మీంచి కేక పెట్టాడు. కానీ లేచి రాలేదు. ఆయనకు తెలుసునని నాకు అప్పుడే అర్థమైంది. పెద్దమ్మకు కూడా అర్థమైంది. ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. పదేళ్ల వయసు నుంచి నేను ఎదురుచూసిన తల అది. తర్వాత గడప బయట ఉన్న అమ్మను పిలిచింది.

“రాయే. లోపలికి రా. వచ్చి పెట్టుకో.”

అమ్మ కుడికాలు గడప ఇవతల పెట్టింది. ముఖం వెలిగిపోతోంది.

నేను అక్కడ ఆపి ఉండాల్సింది. కాగితం మడిచి ఉంటే చాలు. కానీ ఆ “రాయే” అన్న మాట నాకు నచ్చలేదు. దానం చేసినట్టుంది. గాడి దగ్గర దులుపుకున్న చేతులు అవే. తల దించితే సరిపోయిందా? నాకు సరిపోలేదు. మిగతాది చదివాను.

ఆమె మతంలో కలిసేనాటికే విధవ అని. కరువులో పోలేదని. ఇరవై ఏళ్లు దొరల ఇంట్లో ఆయాగా బతికి, విధవగానే పోయిందని.

మతం మాట విన్నప్పుడు ఆ ఆడవాళ్లు గుసగుసలు పోయారు, అంతే. విధవ అన్న మాటకు మాత్రం అందరి చేతులూ ఒక్కసారిగా కుంకుమ పళ్లెం మీంచి వెనక్కి పోయాయి. అరవై, డెబ్బై ఏళ్లుగా వాళ్ల అత్తలు, వాళ్లు, వాళ్ల కోడళ్లు తమ తాళి చల్లగా ఉండాలని కుంకుమ పెట్టి మొక్కింది మొగుడు పోయిన మనిషికి. ఎవరో ఒకామె మెడలో పుస్తెలు గట్టిగా పట్టుకుంది. పెద్దమ్మ భరిణె మూత పెట్టేసి, పీట దూరంగా నెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అది చూసి నాకు కడుపు నిండింది. నిండలేదని అబద్ధం చెప్పను.

అటు తిరిగితే అమ్మ లేదు. పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, పళ్లెంతో ఇంటి దారి పట్టింది. ఇంట్లో చీర మళ్లీ మడత పెడుతుంటే పోయి నిలబడ్డాను.

“ఆయమ్మ ముందర చీర పెట్టల్లనుకుంటి. ఆయమ్మనే లేకుండా చేస్తివి గదే,” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని.

మరునాడు పెద్దింటివాళ్లు బుట్టను హగరిలో వదిలేశారు. నేను అమ్మను బళ్లారి రమ్మన్నాను. ముత్తవ్వను పూడ్చిన చోటు ఆ ముసలాయనకు తెలుసు, అక్కడే పెడుదువు రమ్మన్నాను. ఆమె చీరను మళ్లీ ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది.

“తాడు తెగినామెకి పచ్చచీర, కుంకుమ యెట్ల పెట్టేదే? నువ్వే చదివితివి గదా.”

ఆ తర్వాత నాకు జ్వరమొచ్చినప్పుడల్లా వచ్చి నుదురు తడిమేది. మొక్కు మాట ఎత్తేది కాదు.

అయిదేళ్లకు ఆమె పోయింది, నాన్న ఉండగానే, నుదుట రూపాయంత బొట్టుతో. ఇంట్లో ఉన్న కొత్త చీర అదొక్కటే. దాన్నే కట్టి సాగనంపాం. మొక్కు చీర ఆమె ఒంటి మీదే పోయింది.

పెద్దకర్మ అయిన మరుసటి వారం పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చింది. అన్నేళ్లలో ఆమె మా వాకిలి తొక్కడం అదే మొదలు. వెనక ఆమె చిన్నకోడలు. ఆరో నెల కడుపు. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారని నాకు తెలుసు. కోడలి చేతిలో పళ్లెం, అందులో చీర. ఇద్దరూ గడప బయటే నిలబడ్డారు.

“మీయమ్మ ముత్తైదువగా పాయ. ఇంగ మన వంశానికి పేరంటాలు ఆయమ్మే,” అంది పెద్దమ్మ. ఆమె చేతులు జోడించడం నేను అప్పుడే చూశాను. “ఆయమ్మ కుంకుమ భరిణె ఇయ్యి తల్లీ. బుట్ట కట్టుకుంటాము. ఈ బిడ్డ ఈసారన్నా నిలవల్ల.”

భరిణె నా వెనక గూట్లోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కోడలు నా వైపే చూస్తోంది. నా కంటే చిన్నది. ఆ రోజు లోపల నవ్వినవాళ్లలో ఆమె లేదు, అప్పటికి పుట్టిందో లేదో.

“మాది గంజి ముంత పట్టిన వంశం పెద్దమ్మా. మీ ఇంట్లోకి యెట్లొస్తాది?” అన్నాను. “ఈడిదాకా రానిచ్చిందే ఎక్కువ.”

పెద్దమ్మ కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. గాడి దగ్గర కోడలు ఆగి, పళ్లెంలోని చీర జారిపోకుండా సర్దుకుంది, అచ్చం మా అమ్మలా. నేను తలుపు వేసుకున్నాను.

అమ్మ అయితే ఇచ్చేది. వాళ్లు అడగకముందే, గడప దాటి తనే పోయి ఇచ్చేది. ఆ భరిణె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. లోపల కుంకుమ గట్టిపడిపోయి, మూత రావడం లేదు.